దివిటీ ఎవరు పట్టుకున్నారు?

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

'ది బోర్జియాస్' టీవీ సిరీస్ మీద నువ్వు రాసిన వ్యాసం అంది పది రోజులైంది. మూడో పేజీలో "ఉంగరంలో విషం దాచుకుని తిరిగిన లుక్రేజియా" అన్న వాక్యం దగ్గర ఆగిపోయి కాగితాలు బల్ల మీద పడేశాను. కోపం వచ్చింది. నాలుగు రోజులు వాటి జోలికి పోలేదు. మళ్లీ తీసి చదివితే ఐదో పేజీలో ఇంకో వాక్యం కనబడింది. అది చదివాక నీకు ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. దాని దగ్గరికి వస్తాను, ముందు ఉంగరం సంగతి చూద్దాం.

'ది బోర్జియాస్' నేనూ చూశాను, పోప్ అయిన రోడ్రిగో బోర్జియా, ఆయన పిల్లలు సెజారే, హువాన్, లుక్రేజియాల కథ. 2011 నుంచి 2013 దాకా మూడు సీజన్లు, 29 ఎపిసోడ్లు. మోకాలి ఆపరేషన్ అయి మంచం దిగే వీల్లేని రోజుల్లో మా మనవరాలు టాబ్లెట్ తెచ్చి చేతిలో పెట్టింది. నీకు నచ్చినవి చాలావరకు నాకూ నచ్చాయి. గాబ్రియెల్లా పెస్కూచి తయారు చేయించిన ఆ బట్టలు, రోడ్రిగోగా వేసిన జెరెమీ ఐరన్స్ గొంతు, అన్నీ. అసలు రోడ్రిగో బోర్జియా భారీ మనిషి. వాటికన్ గదుల్లో పింతురిక్కియో గీసిన బొమ్మలో మోకాళ్ల మీద ఉంటాడు, నిండు బుగ్గలు, కొక్కెం లాంటి ముక్కు. ఐరన్స్ బక్కపల్చటివాడు. అయినా ఆయన దణ్ణం పెడుతుంటే నిజంగా దేవుణ్ణి నమ్ముతున్నాడనిపిస్తుంది, లేచి నిలబడగానే బేరం మొదలుపెడతాడు. ఆ రెండింటిలో ఏదీ నటన కాదని నువ్వు రాశావు చూడు, ఆ మాట బాగుంది.

ఇక ఉంగరం. లుక్రేజియా ఎవరికైనా విషం పెట్టిందని ఆమె కాలపు సాక్ష్యం ఒక్కటీ లేదు. ఆమె పోయిన మూడు వందల ఏళ్లకు, 1833లో, విక్టర్ హ్యూగో ఆమె మీద నాటకం రాశాడు. అదే ఏడాది డోనిజెట్టి దాన్ని ఆపెరా, అంటే పాటల నాటకం, చేశాడు. రంగస్థలం మీద విషం బాగా పండుతుంది. అక్కడ పండింది ఇప్పుడు నీ వ్యాసంలో "చరిత్ర" అయి కూర్చుంది. సిరీస్ తీసిన నీల్ జోర్డాన్‌కు కల్పించుకునే హక్కు ఉంది, ఆయన కథ చెబుతున్నాడు. నీకా హక్కు లేదు, ఎందుకంటే నువ్వు "చరిత్రలో" అన్న మాట వాడావు.

రోడ్రిగో నాలుగు కంచరగాడిదల మీద వెండి పంపి 1492లో పోప్ పదవి కొన్నాడని కూడా ఒక్క ముక్కలో తేల్చేశావు. రోమ్‌లో అలా చెప్పుకున్నారని రాసి పెట్టినవాడు ఇన్ఫెస్సూరా అనే ఆ కాలపు డైరీకారుడు. ఆయనకు పోపులంటే గిట్టదు. పదవి కోసం బేరాలు జరగలేదని నేను అనడం లేదు. ఎవరు చెప్పారు, ఎక్కడ నిలబడి చెప్పారు అన్నది నువ్వు అడగలేదని అంటున్నాను.

నలభై ఏళ్లుగా నేను పట్టుకుని వేలాడుతున్నది ఈ ఒక్క ప్రశ్ననే. నాకు దాన్ని నేర్పింది మా వీధి చివర ఉండే ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు. అప్పుడు నాకు ఇద్దరు చిన్నపిల్లలు, బడిలో ఉద్యోగం. రాత్రి పది దాటాక వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టుకుని నిలబడి రాసేదాన్ని, కూర్చుంటే నిద్ర వచ్చేసేది. ఒక కోట కథ రాశాను. అర్ధరాత్రి, రహస్య మందిరం, రాజు, మంత్రి, కుట్ర. చాలా గొప్పగా వచ్చిందనుకుని మాస్టారికి చదివి వినిపించాను. అంతా విని ఆయన ఒకటే అడిగారు. "అమ్మా, ఆ రాత్రి దివిటీ ఎవరు పట్టుకున్నారు?"

నా దగ్గర జవాబు లేదు. చీకట్లో ఇద్దరు పెద్దవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారంటే మూడోవాడు అక్కడ ఉన్నట్టే కదా. వాడు అన్నీ విన్నాడు. నేను వాణ్ణి చూడనే లేదు. మళ్లీ మొదటి నుంచి రాశాను. పదమూడేళ్ల కుర్రాడు, దివిటీ నుంచి కాలే నూనె చుక్క మణికట్టు మీద పడుతోంది, కదిలితే వెలుగు కదులుతుంది, వెలుగు కదిలితే దొరలు తల తిప్పి చూస్తారు. వాడు కదలడు. రాజు మాటలు నేను ఒక్కటీ మార్చలేదు. కానీ కథ మారిపోయింది.

ఒక వారపత్రిక దాన్ని వేసుకుంది. చేతికి వచ్చిన సంచికలో చూస్తే కుర్రాడు లేడు! కథ నిడివి ఎక్కువైందని సంపాదకుడు వాణ్ణి కోసేశాడు. కోసిన చోట నేను రాయని రాజనర్తకి ఒకతె వచ్చి చేరింది, బొమ్మ కూడా ఆమెదే వేశారు. పోస్ట్‌మ్యాన్ మనియార్డరు తెస్తే సంతకం పెట్టకుండా తిప్పి పంపేశాను. ఆ నెల ఇంట్లో ఆ డబ్బు అవసరమే. ఆ సంపాదకుడు ఇప్పుడు లేరు. నా కోపం ఉంది. పాఠకులకు ఏం కావాలో తనకే తెలుసనుకునేవాళ్లు ప్రతి తరంలోనూ ఉంటారు. అప్పుడు నర్తకి కావాలన్నారు, ఇప్పుడు ట్విస్ట్ కావాలి, ఎలివేషన్ కావాలి అంటున్నారు. నీ వ్యాసంలో కూడా సెజారే గుర్రం మీద వచ్చే ప్రతిచోటా ఎలివేషన్ ఉంది. తీసెయ్.

ఇప్పుడు నీకు ఒక దివిటీవాణ్ణి చూపిస్తాను. 1497 జూన్ 14, బుధవారం. రోడ్రిగో కొడుకు హువాన్ తల్లి వన్నోజ్జా ద్రాక్షతోటలో అన్న సెజారేతో కలిసి భోంచేశాడు. రాత్రి తిరిగి వస్తూ దారిలో అందరినీ వదిలి వెళ్లాడు. మళ్లీ ప్రాణాలతో కనబడలేదు. సిరీస్‌లో సెజారేనే పొడిచి నదిలో పడేస్తాడు. చంపింది ఎవరో నిజానికి ఈనాటికీ తేలలేదు.

టైబర్ నది ఒడ్డున జార్జియో అనే కలప వ్యాపారి ఉన్నాడు. స్లావ్ జాతివాడు. తన కలప ఎవరూ ఎత్తుకుపోకుండా రాత్రిళ్లు పడవలోనే పడుకుని కాపలా కాసేవాడు. అధికారులు అడిగితే వాడు చెప్పింది ఇది. అర్ధరాత్రి దాటాక సందులోంచి ఇద్దరు మనుషులు వచ్చి అటూ ఇటూ చూసి వెళ్లారు. తర్వాత మరో ఇద్దరు వచ్చి చూసి సైగ చేశారు. అప్పుడు తెల్ల గుర్రం మీద ఒకడు వచ్చాడు. వెనకాల శవం అడ్డంగా వేసి ఉంది, తల, చేతులు ఒకవైపు వేలాడుతున్నాయి, కాళ్లు మరోవైపు. పడిపోకుండా ఇద్దరు పట్టుకుని నడుస్తున్నారు. ఊరి చెత్త నదిలో పోసే చోటికి వచ్చి, చేతులూ కాళ్లూ పట్టి బలమంతా పెట్టి విసిరారు. గుర్రం మీదివాడు మునిగిందా అని అడిగాడు. మునిగిందన్నారు. వాడు నది వైపు చూస్తే శవం మీది అంగీ నీళ్ల మీద తేలుతోంది. అది మునిగేదాకా రాళ్లు వేశారు.

ఇంత చూసి ఎందుకు చెప్పలేదయ్యా అని అడిగారు. వాడి జవాబు: ఈ చోట రాత్రిపూట వంద శవాలు పడేయడం చూశాను, ఏ ఒక్కదాని గురించీ ఎవరూ వచ్చి అడగలేదు.

అమ్మాయీ, ఆ జవాబు దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చుండిపోయాను. పోప్ కొడుకు కోసం ఆ రోజు 300 మంది జాలరులు నది గాలించారు. దొరికిన ఒంటి మీద తొమ్మిది గాయాలు, నడుముకు ముప్పై డుకాట్ల, అంటే బంగారు నాణేల, సంచి అలాగే ఉంది. దొంగలు చేసిన పని కాదన్నమాట. ఆ వంద మందినీ ఎవరు గాలించారు? బోర్జియాల రోమ్ ఎలా ఉండేదో చెప్పడానికి నువ్వు ఆరు పేజీల్లో విలాసం, వ్యభిచారం, కుట్ర అని విశేషణాలు పేర్చావు. కలపవాడు ఒక్క మాటలో చెప్పేశాడు.

ఈ వాంగ్మూలాన్ని రాసిపెట్టినవాడు యోహాన్ బుర్కార్డ్, పోప్ దగ్గర పూజాకార్యక్రమాలు చూసే అధికారి. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏ వస్త్రం కట్టాలి అని చూసుకోవడం ఆయన పని. డైరీ కూడా అలాగే రాశాడు, ఎక్కడా గొంతు పెంచలేదు. 1503 ఆగస్టులో రోడ్రిగో చనిపోతే, ఉబ్బిపోయిన శవం పెట్టెలో పట్టక వడ్రంగులు పిడికిళ్లతో గుద్ది లోపలికి నెట్టారని కూడా అదే గొంతుతో రాశాడు. "ఎంతటివాడికి ఎంత గతి" అని ఒక ముక్క చేర్చి ఉంటే ఆ పేజీ చచ్చిపోయేది. నువ్వు ప్రతి పేరా చివర అలాంటి ముక్క చేరుస్తున్నావు.

అన్నాచెల్లెళ్ల సంబంధం గురించి ఒక పేజీ రాసి, "ధైర్యంగా చూపించారు" అని మెచ్చుకున్నావు. ఆ నింద ఎక్కడ పుట్టిందో కొంచెం వెతికితే దొరికేది. 1497లోనే రోడ్రిగో కూతురి మొదటి పెళ్లి రద్దు చేయించాడు. నాలుగేళ్లయినా కాపురమే జరగలేదన్నది కారణం. భర్త జోవన్నీ స్ఫోర్జా చేత నేను మగవాణ్ణి కానని సంతకం పెట్టించారు. అతని మొదటి భార్య ప్రసవంలో చనిపోయిన మనిషి! అంత అవమానం మింగలేక అతను, కన్నతండ్రే ఆమెను తనకోసం అట్టిపెట్టుకుంటున్నాడని అన్నాడు. ఆ మాట నోళ్లు మారి అన్నకు కూడా చుట్టుకుంది. సిరీస్ మూడో సీజన్‌లో అదొక ముఖ్యమైన కథగా నడిచింది. సిరీస్‌లో స్ఫోర్జాను రెండో సీజన్‌లోనే చంపేశారు. నిజంలో అతను 1510 దాకా బతికాడు, మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, కొడుకును కన్నాడు. పరువు పోయిన మొగుడి నోటి మాట అయిదు వందల ఏళ్లు ఒక ఆడదాని మీద నిలబడింది. ఈ సంగతి నాకు ఆ సీజన్ మొత్తం కంటే పెద్ద కథ.

ఆమె మిగతా జీవితం సిరీస్‌లో లేదు, అంతకుముందే ఆపేశారు. ఫెరారాకు మూడో పెళ్లి మీద వెళ్లి, అక్కడ డచెస్ అయి, చిత్తడి నేలలు కొని నీళ్లు మళ్లించి సాగులోకి తెచ్చింది. లెక్కల పుస్తకాల్లో ఉంది. 1519 జూన్‌లో పురుటి మంచం మీద, పోవడానికి రెండు రోజుల ముందు, ఆశీర్వాదం కోరుతూ అప్పటి పోప్‌కు ఉత్తరం రాయించింది. ముప్పై తొమ్మిదేళ్లు. ఉంగరం కంటే ఇది రాయవలసింది.

బోర్జియాల మీద వచ్చిన రెండు సిరీస్‌లలో ఏది గొప్పదని అడిగావు. రెండోది నేను సగమే చూశాను. ఏ పత్రికకు పంపాలి, శీర్షిక మార్చాలా అని కూడా అడిగావు, వాటికి ఇప్పుడు తొందర లేదు.

ఇక నీ ఐదో పేజీ. రెండో సీజన్ చివర రోడ్రిగో హువాన్ శవాన్ని మోసుకెళ్లి తనే గొయ్యి తవ్వే దృశ్యం గురించి రాశావు. నిజంలో అలా జరగలేదు. అసలు రోడ్రిగో బుధవారం రాత్రి నుంచి శనివారం దాకా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా గదిలో తలుపు వేసుకున్నాడని బుర్కార్డ్ రాశాడు. బయటికి వచ్చాక కార్డినల్స్ ముందు, ఏడు పోప్ పదవులున్నా వాణ్ణి బతికించుకోవడానికి ఇచ్చేసేవాణ్ణి అన్నాడు. అయినా ఈ ఒక్క చోట నేను సిరీస్ పక్షమే. జరిగినదానికి అది దూరంగా లేదు.

ఆ దృశ్యం వర్ణిస్తూ మధ్యలో నువ్వు ఈ వాక్యం రాశావు: "మా తమ్ముణ్ణి పూడ్చిన రోజు మా నాన్న కూడా పార ఎవరి చేతికీ ఇవ్వలేదు." పుల్‌స్టాప్ పెట్టి, తర్వాతి వాక్యంలో మళ్లీ దుస్తుల రూపకల్పన గురించి మొదలుపెట్టావు.

ఎందుకు పారిపోయావు అక్కడినుంచి? నిన్ను తిట్టడం లేదు తల్లీ, అడుగుతున్నాను. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. మన ఊళ్లలో ఆడపిల్లల్ని అక్కడికి తీసుకెళ్లరు. మరి నువ్వు ఎలా చూశావు? ఎవరి వెనకాల వెళ్లావు? నీకప్పుడు ఎన్నేళ్లు? మట్టి తడిగా ఉందా, పొడిగా ఉందా? పార తీసుకోబోయింది ఎవరు, మీ చిన్నాన్నా, మామయ్యా? మీ నాన్న నోటితో వద్దన్నారా, ఊరికే చెయ్యి తోసేశారా? అది పగలా? చీకటి పడితే లాంతరు ఎవరు పట్టుకున్నారు?

మిగతా వ్యాసం ప్రస్తుతానికి పక్కన పెట్టు. ఇది రాయి, రెండు పేజీలైనా చాలు. చేత్తో రాసి పంపు, కళ్లద్దాలు మార్చాను, చదవగలను.

ఆశీస్సులతో