భక్తి ఉంటే కుర్రాళ్లు చెడిపోరా? మా కావలి పిల్లోడి సంగతి

దేవుడి మీద భక్తి ఉంటే టీనేజ్ పిల్లలు దొంగతనాల జోలికి, తాగుళ్ల జోలికి పోరా అని అడిగారు. ఉత్త భక్తి అయితే నిక్షేపంగా పోతారు. చుట్టూ ఉన్నవాళ్లు ఆ భక్తిని లెక్కచేస్తేనే ఆగుతారు. ఇందులో నాకు అనుమానమే లేదు.

మా అన్న కొడుకు ఇంటర్‌లో చేరగానే సావాసాలు పట్టాడు. సిగరెట్లు, ఫోన్లో క్రికెట్ బెట్టింగు (మా నెల్లూరు జిల్లాకు ఆ పేరు ఎట్టాగూ ఉంది), ఆ అప్పు తీర్చడానికి రాత్రిపూట వీధిలో బండ్లలోంచి పెట్రోలు లాగడం. దేవుడంటే లెక్కలేదేమో అనుకునేరు. మాలకొండ గుడి తెరిచేదే శనివారం, ఆ శనివారం తప్పేవాడు కాదు.

మా వదిన ఏడ్చి మొత్తుకుని అయ్యప్ప మాల వేయించింది. గురుస్వామి ఒక ఆర్టీసీ డ్రైవరు. తెల్లారకముందే చన్నీళ్లు, నేల పడక, సాయంత్రం భజన, అన్నీ చేశాడు. అయినా ఒకరోజు కాలేజీ ఎదురుగా బడ్డీకొట్టులో సిగరెట్ అడిగాడు. వెనక సోడా తాగుతున్న నన్ను చూసుకోలేదు. రోజూ ఇచ్చే కొట్టాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏంది సామీ ఇది? మాల తీసినాక రండి. ఆ పాపం నాకెందుకు?"

18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మకూడదని, కాలేజీకి వంద గజాల లోపల అసలే అమ్మకూడదని 2003లోనే చట్టం వచ్చింది. ఆ బోర్డు కాలేజీ గోడకే ఉంది, దాని మీద సినిమా పోస్టరు అంటించారు. చట్టానికి వెరవని మనిషి నల్లగుడ్డకు వెరిచాడు. నిన్నటిదాకా 'ఒరేయ్' అన్న వీధంతా 'సామీ' అంటుంటే, వీడు ఏ మొహంతో రాత్రి పైపు పట్టుకుని బయల్దేరతాడు?

అమెరికాలో హిర్షి, స్టార్క్ అనే ఇద్దరు సమాజ శాస్త్రవేత్తలు కాలిఫోర్నియా పిల్లల్ని పరిశీలించి 1969లో అచ్చేసిన లెక్కల్లో, చర్చికి పోయేవాళ్లకూ పోనివాళ్లకూ నేరాల్లో పెద్ద తేడా కనబడలేదు. చుట్టూ జనం భక్తిగా ఉన్నచోటే మతం పిల్లల్ని ఆపుతుందని తర్వాత ఆ స్టార్కే అన్నాడు. మా కొట్టాయన ఏ పరిశోధనా చేయకుండానే తేల్చేశాడు.

మాల తీసిన మర్నాడే ఆయన అమ్మాడు, వీడు కాల్చాడు. పెట్రోలు జోలికి మాత్రం మళ్లీ పోలేదు. డ్యూటీ దిగిన గురుస్వామి రోజూ ఇంటికొచ్చి షటిల్ ఆడటానికి లాక్కుపోతుంటే వాడికి తీరికేది?

అసలు పెద్దోళ్ల సంగతి ఎవరూ అడగరు. వినాయక చవితికి చందా పుస్తకంతో వచ్చిన మా వీధి పెద్దాయన్ని డీజే ఎందుకయ్యా అంటే, "పిల్లకాయలు ఊరుకోరు" అన్నాడు. నిమజ్జనం రోజు ఆ పిల్లకాయలకు మందు పోయించింది ఆయనే. ఈసారి ఆయనకు పైసా ఇవ్వను.