నాయనమ్మ పోయినా కన్నీరు రాలేదు.. ఇది జబ్బా డాక్టర్?

ప్రశ్న: నా వయసు 21. ఎంబీబీఎస్ మూడో ఏడాది. రోజుకు నాలుగు గంటలే నిద్రపోయి చదువుతున్నాను, మార్కులకు లోటు లేదు. కానీ వార్డులో ఎవరైనా ఏడిస్తే విసుగొస్తోంది. గత నెల నాయనమ్మ పోతే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతకు పెరిగిందో బంధువులకు వివరించి ఆ రాత్రే హాస్టల్‌కు వచ్చేశాను. ‘రాయివైపోయావు’ అంది అమ్మ. ఇది జబ్బా?
- ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: రాయైపోయిన మనిషికి ఈ ఉత్తరం రాయాలనిపించదు. మీ లక్షణాలు బర్నవుట్‌కు దగ్గరగా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా లెక్కించలేదు. పని ఒత్తిడి చాలాకాలం అదుపు తప్పితే వచ్చే స్థితి అంది. ఒంట్లో సత్తువ ఉండదు, మనుషులంటే విసుగు, ఎంత చేసినా తృప్తి ఉండదు. వైద్య విద్యార్థుల్లో సహానుభూతి మూడో ఏడాదిలో తగ్గుతోందని 2009లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. అక్కడ వార్డుల్లో అసలు పని మొదలయ్యేది అప్పుడే.

‘డాక్టరుకు ఆ మాత్రం నిబ్బరం ఉండాలి’ అని సీనియర్లు మెచ్చుకోవచ్చు. నమ్మకండి. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, షుగర్ దిగిరాని ఒక పెద్దాయనకు ఇన్సులిన్ మోతాదు రెండుసార్లు పెంచించాను. ఆయన ఇంట్లో అసలు ఇన్సులిన్ వేసుకోవడమే లేదు; చూపు ఆనక సిరంజి మీద గీతలు కనిపించడం లేదట. ఆ మాట వార్డు ఆయాతో చెప్పుకున్నాడు, నాతో చెప్పలేదు. నేను అడిగిన తీరు అలాంటిది. పెంచిన ఆ మోతాదును ఇంట్లో ఎవరైనా నిజంగానే వేసి ఉంటే షుగర్ ఒక్కసారిగా పడిపోయేది.

ముందు నిద్ర సంగతి చూడండి, కనీసం ఏడు గంటలు. రోజూ ఒక్క రోగి దగ్గరైనా కేస్ షీట్ మూసేసి, ఇంట్లో ఎవరున్నారు, ఏం పని చేస్తారు అని అడగండి. రోగితో మెలిగే తీరు నేర్పే ‘ఏట్‌కామ్’ తరగతులు 2019 నుంచి మీ పాఠ్యప్రణాళికలో ఉన్నాయి. హాజరు కోసమే కూర్చోకండి. (మా రోజుల్లో ఉంటే నేనూ ఎగ్గొట్టేవాడినేమో!) నాయనమ్మ గురించి అమ్మతో మాట్లాడండి. ఏడుపు ఆలస్యంగా రావచ్చు, రాకపోయినా తప్పు కాదు.

రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకుండా దిగులుగా ఉంటే డిప్రెషన్ కావచ్చు, సైకియాట్రిస్టును కలవండి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలూ చేయించండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.