మూడేళ్లు నిండుతున్న మా పాపకు ఎలాంటి బొమ్మలు కొనమంటారు?

మధురవాడలో ఉంటున్న ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వచ్చే నెలలో పాపకు మూడేళ్లు నిండుతాయట. ఏ దుకాణానికి వెళ్లినా "బాబుకా, పాపకా?" అని అడిగి, పాపకు అనగానే వంట సెట్టు, గులాబీ రంగు గౌను వేసిన బొమ్మ, అద్దమూ దువ్వెనా ఉన్న మేకప్ పెట్టె, ఈ మూడే చూపిస్తున్నారట. ఈలోగా అత్తగారు నిలువెత్తు బొమ్మ ఒకటి కొని తెచ్చేశారు కాబట్టి ఇంకేమి కొనాలో, అసలు కొనాలో వద్దో తేల్చి చెప్పమన్నారు.

నేను విశాఖపట్నంలోనే ఒక మహిళా జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. ప్రస్తుతం ఒక మనవరాలికి అమ్మమ్మను. ఈ రెండు అర్హతలతో చెబుతున్నాను: తిరిగే భాగం గాని, విప్పి మళ్లీ బిగించే భాగం గాని ఉన్న బొమ్మ కొనండి. మిగతా సంగతులన్నీ, అంటే రంగు, ధర, పెట్టె మీది వయస్సు, "మెదడు వికాసానికి" అన్న అట్టహాసం, అన్నీ దాని తరువాతే.

ఈ పట్టుదల నాకు ప్రయోగశాలలో వచ్చింది. ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరంలో విద్యార్థులు ముందుగా చేసే ప్రయోగాలు వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజ్ అనే, చిన్న కొలతలు తీసే పరికరాలతోనే. సన్నని తీగను స్క్రూగేజ్ దవడల మధ్య పెట్టి, చివరనున్న రాచెట్ అనే పిడిని టిక్కుమనే వరకు తిప్పి, తీగ మందం చదవాలి. పదో తరగతిలో తొంభై దాటి మార్కులు తెచ్చుకున్న అమ్మాయిలు, సూత్రాన్ని నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలిగే అమ్మాయిలు, ఆ పరికరాన్ని అరచేతిలో పెట్టుకుని "తిప్పితే విరిగిపోతుందేమో మేడమ్" అని నా ముఖం వంక చూసేవారు. ఎటు తిప్పితే బిగుస్తుందో, ఎటు తిప్పితే వదులవుతుందో వారి చేతికి తెలియదు. తెలివి తక్కువై కాదు. పదిహేనేళ్లు వచ్చేదాకా వారి చేతికి మర ఉన్న వస్తువును ఎవరూ ఇవ్వలేదు. అదే ఇంట్లో అన్నయ్య కారు బొమ్మ చక్రాలు పీకి, రేడియో వెనుక మూత తెరిచి, తన్నులు తిని, ఆ చదువు ఎప్పుడో పూర్తి చేసి ఉంటాడు. అమ్మాయిలు లెక్కలకు, యంత్రాలకు భయపడతారని పెద్ద పెద్ద సభల్లో ఉపన్యాసాలు ఇచ్చేవారు కారణాలను ఎక్కడెక్కడో వెదుకుతారు గాని, కారణం మూడో పుట్టినరోజు నాటి బొమ్మల పెట్టెలో ఉందని నేను ఏ వేదిక మీదనైనా వాదిస్తాను.

అలాగని వంట సెట్టుకు నేను విరోధిని కాను. మా చిన్నతనంలో లక్కపిడతలు, అంటే లక్క పూసిన బుల్లి కర్ర వంటసామాను, లేని ఇల్లు లేదు. ఆ లక్కపిడతల్లో తిరగలి ఉండేది, దాని పై రాయి చిన్న పిడి పట్టుకుంటే నిజంగా తిరిగేది. రోలులో రోకలి దిగేది, బిందె మీద మూత సరిగ్గా ఒకే కొలతకు కూర్చునేది, కవ్వం రెండు అరచేతుల మధ్య గిర్రున తిరిగేది. ఇప్పుడు దుకాణంలో చూపించే ప్లాస్టిక్ పొయ్యిని ఒకసారి దగ్గరగా చూడండి. మంట ఒక స్టిక్కరు. పొయ్యి మీటలు కూడా స్టిక్కరే. పిల్ల వేలు ఆ మీట మీద పెట్టి తిప్పబోతుంది, అది జారిపోతుంది, రెండుసార్లు ప్రయత్నించి మానేస్తుంది. విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచిన తరువాత దేశంలోనే తయారవుతున్న సెట్లు బజారులోకి చాలా వచ్చాయి. సంతోషమే గాని, స్టిక్కరు మాత్రం అలాగే ఉంది.

మా మనవరాలికి ఇలాంటి పొయ్యి ఒకటి ఎవరో బహుమతిగా ఇచ్చారు. పిల్లకు నాలుగేళ్ల వయస్సున్నప్పుడు సంక్రాంతి బొమ్మల కొలువుకు నాలుగు కొత్త బొమ్మలు తెద్దామని, లక్క పూసిన కర్ర బొమ్మలకు పేరున్న ఏటికొప్పాక తీసుకువెళ్లాను. ఆ ఊరు ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోదే, 2022లో జిల్లాలు విడిపోయాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. అనకాపల్లి, యలమంచిలి దాటి జాతీయ రహదారి వదిలితే వరాహ నది ఒడ్డున ఉంటుంది. రైలులో యలమంచిలి దిగి ఆటోలో వెళ్లినా సరిపోతుంది. నగరంలోని హస్తకళల దుకాణాల్లో ఆ బొమ్మలు దొరకకపోవు, అయితే అక్కడ అవి అద్దాల బీరువాలో ఉంటాయి, ఊళ్లో అయితే కర్రను గిర్రున తిప్పుతూ చెక్కే లేత్ యంత్రం మీద ఉంటాయి. పిల్లకు కావలసింది రెండోది.

మేము వెళ్లిన ఇంటి వసారాలో ఒక పెద్దాయన అంకుడు కర్ర ముక్కను లేత్‌కు బిగించి ఉలి ఆనించాడు. అంకుడు తెల్లగా, మెత్తగా ఉండే కర్ర కాబట్టి ఉలి తగలగానే రిబ్బనులా పొట్టు లేచి ఆయన మోకాళ్ల మీద పడుతోంది. చూస్తుండగానే ఆ ముక్క నడుము సన్నబడి, కింద మొన తేలి, బొంగరం అయింది. ఆ తరువాత ఆయన ఉలి పక్కన పెట్టి ఎర్రటి లక్క కడ్డీ ఒకటి తీసుకుని, తిరుగుతున్న బొంగరానికి గట్టిగా అదిమి పట్టాడు. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తరువాత ఎర్రటి గీత ఒకటి కనబడింది, గీత వెడల్పయింది, కర్ర అంతా ఎరుపెక్కింది. మనవరాలు నా చీర కుచ్చిళ్లు వదిలేసి ముందుకు వంగి చూసి, "పొయ్యి ఏదీ?" అని అడిగింది.

దాని ఉద్దేశం నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. లక్క కరుగుతోంది, కరగాలంటే మంట ఉండాలి, మంట కనబడటం లేదు. ఆ పెద్దాయనకు మాత్రం వెంటనే అర్థమైంది. "పొయ్యి ఏటి పాపా, ఈ తిరుగుడే పొయ్యి" అని యంత్రం ఆపి, బొంగరాన్ని ముట్టుకోమన్నాడు. వేలి కొస ఆనించి "వేడి!" అని చెయ్యి లాక్కుంది, మళ్లీ తనే ఆనించింది. ఘర్షణ వల్ల ఉష్ణం పుడుతుందన్న పాఠాన్ని నేను ఏళ్ల తరబడి నల్లబల్ల మీద రాశాను, అరచేతులు రుద్దుకోమని చెప్పాను. ఆ వసారాలో కుదిరినంత బాగా నా తరగతిలో ఏనాడూ కుదరలేదు. ఆ తరువాత ఆయన ఎండిన మొగలి ఆకు మడిచి బొంగరానికి ఒత్తి పట్టేసరికి మసకగా ఉన్న ఎరుపు ఒక్కసారిగా నిగనిగలాడింది. పిల్ల దృష్టిలో అది మాయ. పక్కనే బుట్టలో పనికిరానివని పడేసిన బొంగరాలు ఉంటే ఒకటి దాని చేతిలో పెట్టాడు. మంచిదాన్ని తిప్పితే ఉన్నచోటనే నిలబడి తిరుగుతోంది, బుట్టలోది తిప్పితే తాగినవాడిలా ఊగి పక్కకు పడిపోతోంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, మొనలను వేలితో తడిమి, ఒకదాని మొన నడిమధ్యన లేదని అదే కనిపెట్టింది. మేము కొన్న బొమ్మలన్నీ ఆ యేటి కొలువులో మెట్లెక్కాయి గాని, ఆ వంకర బొంగరాన్ని అది కొలువులో పెట్టనివ్వలేదు. ఇప్పటికీ ఇంటికి ఎవరు వచ్చినా రెండు బొంగరాలూ తెచ్చి తేడా చెప్పమని పరీక్ష పెడుతుంది.

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జి.ఐ.), అంటే అవి ఆ ఊరి ప్రత్యేకతే అన్న చట్టపరమైన గుర్తింపు, లభించింది. రసాయన రంగులు చొరబడిన కాలంలో పసుపు, నీలిమందు వంటి వాటితో సహజమైన రంగులను తిరిగి ఆ పనిలోకి తెచ్చినందుకు ప్రసిద్ధులైన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో నడిచిన ఆంధ్రప్రదేశ్ శకటం కూడా ఈ బొమ్మలదే. ఆ రోజు టీవీలో చూసి మురిసిపోయిన మా బంధువులే పుట్టినరోజులకు మళ్లీ ప్లాస్టిక్ పెట్టెలు మోసుకొస్తారు.

ఇక మీరు దుకాణంలో చూసుకోవలసిన జాగ్రత్తలు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి, అది లేని ప్లాస్టిక్ బొమ్మను చవకగా వస్తోందని తీసుకోకండి. భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు, నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మే బొమ్మలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది కాబట్టి, ఏటికొప్పాక బొమ్మ మీద ఆ గుర్తు లేదని కంగారుపడనక్కరలేదు; దానికి బదులు ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, పెయింటు వాసన వస్తే వదిలేయండి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల పరీక్ష గొట్టంలో పూర్తిగా దూరిపోయే చిన్న ముక్క ఉండకూడదన్నది ప్రమాణం. మీ పాపకు మూడు నిండినా, వస్తువులను నోట్లో పెట్టుకునే అలవాటు పోలేదంటే అదే కొలత పాటించండి. అన్నింటికంటే ప్రమాదం బిళ్ల బ్యాటరీ. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. బ్యాటరీ గది మూతకు స్క్రూ లేని బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఇంట్లోకి రానివ్వకండి.

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి ఒక ఫిర్యాదు కూడా చేసుకుంటాను. మీట నొక్కగానే పాట పాడి, దీపాలు వెలిగించి, తనంతట తానే నడిచే బొమ్మ ముందు పిల్లకు చేయవలసిన పని ఏముంది? చప్పట్లు కొట్టడమే. ఆ చప్పట్లు చూసి పెద్దవాళ్లు మురుస్తారు, మర్నాటికి ఆ బొమ్మ మంచం కింద ఉంటుంది, ఎవరి కాలో తగిలి అర్ధరాత్రి పాట మొదలుపెడుతుంది. పుట్టినరోజు పార్టీల్లో తిరుగు బహుమతులంటూ పంచే సంచుల సంగతి ఇంకా ఘోరం: సాయంత్రానికి విరిగే ఈల, రాత్రికి తెగే పూసల గొలుసు. అవతలి పిల్లల తల్లిదండ్రులకు చెత్త ఏరుకునే పని తప్ప వాటి వల్ల ఒరిగేదేమీ లేదు. వచ్చే నెల మీ ఇంట్లో పార్టీ ఉంటే, దయచేసి ఒక్కొక్కరికి ఒక బొంగరం ఇచ్చి పంపండి.

పాపకు ఏమి కొనాలో కచ్చితంగా చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. ఇప్పటికి చేత్తో తిప్పే బొంగరాలు, తిరగలి ఉన్న లక్కపిడతలు, పెద్ద పెద్ద నట్లు, బోల్టులతో విప్పి బిగించే ప్లాస్టిక్ లారీ. ఈ లారీ మీకు అబ్బాయిల అరలో దొరుకుతుంది, సంకోచించకుండా అక్కడికే వెళ్లి తీసుకోండి. "బాబుకా, పాపకా?" అని అడిగితే "చేతులున్న పిల్లకు" అని చెప్పండి, నేను అలాగే చెబుతాను, పూర్ణా మార్కెట్టు దగ్గర ఒక దుకాణం కుర్రవాడు నన్ను చూడగానే నవ్వుతాడు. లారీకి ఇచ్చే ప్లాస్టిక్ స్క్రూడ్రైవరుతో పాప ఇంట్లో కుర్చీ కాళ్లన్నీ పరీక్షించడం మొదలుపెడుతుంది, అడ్డుపడకండి. మా మనవరాలు అలా చేస్తుంటే మా ఎదురింటావిడ చూసి "ఆడపిల్లకి స్క్రూడ్రైవరేటండీ, చోద్యం!" అని బుగ్గలు నొక్కుకుంది. ఆవిడ మిక్సీ మూత బిగుసుకుపోయినప్పుడు పిలిచేది మా ఇంటివైపే.

అత్తగారు కొన్న నిలువెత్తు బొమ్మను తిరిగి ఇచ్చేయాలన్న ఆలోచన ఉంటే మానుకోండి, దాన్ని పనిలో పెట్టవచ్చు. అటువంటి బొమ్మల గౌను వెనుక అతికించేసి ఉంటుంది, లేదా వెల్క్రో ముక్క ఉంటుంది, పిల్ల దానితో నేర్చుకునేదేమీ లేదు. మిగిలిన గుడ్డముక్కలతో ముందువైపు పెద్ద గుండీలు, కాజాలు ఉన్న చొక్కా ఒకటి, నాడా ఉన్న లంగా ఒకటి కుట్టించండి. గుండీలు ఊడకుండా రెండు వరుసలు దారం వేయమనండి. తన చొక్కా గుండీ తాను పెట్టుకోలేని వయస్సులో బొమ్మకు పెట్టడం సులువు, ఎదురుగా కనబడుతుంది కాబట్టి. ఆ కుట్టు పనిని అత్తగారికే అప్పగించండి. బొంగరాల గురించి, లారీ గురించి ఇంట్లో రాబోయే తగాదా కూడా దానితోనే సగం తీరుతుంది.