పొదుగుడు పనిలో సందులెందుకు వస్తాయి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రంగురంగుల చెక్క పొరలు కోసి, ఒకదానిలో ఒకటి కూర్చి బొమ్మ తీర్చే పొదుగుడు పని గురించి, చేతి పనిముట్లతో చేసే చిన్న సామాను గురించి తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఏడింటికి ఈ నెల జవాబులిస్తున్నాం. చాలామంది తమ చెయ్యి ఇంకా తిరగలేదని బాధపడుతున్నారు. ఉత్తరాలు చదివితే తప్పు చేతిలో కంటే పొర మందంలోనూ, చెక్కలో మిగిలిన తడిలోనూ ఎక్కువగా కనబడుతోంది.

ప్రశ్న (తిరుపతి): టేకు పొరలో పనస చెక్కతో తామర పువ్వు పొదుగుతా ఉండాను. పువ్వు విడిగా, టేకులో దాని చోటు విడిగా ఫ్రెట్ సాతో (సన్న బ్లేడున్న చేతి రంపంతో) కోస్తున్నాను. ప్రతి రేకు చుట్టూ వెంట్రుక మందం సందు మిగులుతోంది. రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపి పూస్తే పాలిష్ తర్వాత మురికి గీతలా కనిపిస్తోంది. ఏం చేసేది?

జవాబు: బ్లేడు వెళ్ళిన దారిలో దాని మందమంత చెక్క పొట్టయిపోతుంది. మీకు కనబడే సందు అదే. విడివిడిగా కోస్తే దానికి గీత తప్పిన తేడా కూడా తోడవుతుంది. అందుకని రెండు పొరలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి, బ్లేడును కొంచెం వాలుగా నడిపి, ఒకే కోతలో కోయాలి. వాలుగా కోసిన పై ముక్క అడుగున సన్నంగా, పైన వెడల్పుగా ఉంటుంది. కింది పొర రంధ్రంలోకి దిగేటప్పుడు ఆ వెడల్పే పొట్టయిన చోటును నింపుతుంది.

ఎంత వాలు కావాలన్నది బ్లేడు మందాన్ని, పొర మందాన్ని బట్టి ఉంటుంది. 2/0 నంబరు ఫ్రెట్ సా బ్లేడు మందం సుమారు 0.25 మి.మీ. పొర 1.5 మి.మీ. ఉంటే దాదాపు పది డిగ్రీల వాలు సరిపోతుంది. కోణమానిని అవసరం లేదు. కోతకు వాడే 100 మి.మీ. వెడల్పు పలకకు ఒక పక్క అంచు కింద 17 మి.మీ. ఎత్తు ముక్క పెట్టండి. పొర 2 మి.మీ. అయితే 13 మి.మీ. ముక్క, 1 మి.మీ. అయితే 26 మి.మీ. ముక్క. పలక వాలుతుంది, రంపం మాత్రం ఎప్పటిలా నిట్టనిలువుగానే ఆడాలి. పలక ముందువైపు ‘వి’ ఆకారంలో ఒక గంటు కోసి, బల్ల అంచు దాటి బయటికి వచ్చేలా బిగించండి. బ్లేడు ఆ గంటులో ఆడుతుంది. పళ్ళు కిందికి చూడాలి, పిడి పలక కింద ఉండాలి, కిందికి లాగినప్పుడే తెగాలి. బ్లేడును వేలితో మీటితే తీగలా మోగేంత బిగువు ఉండాలి. వదులు బ్లేడు మలుపుల్లో వంగి, మీరు ఇచ్చిన వాలును తినేస్తుంది.

పువ్వుకు వాడే పొర పైన, నేలకు, అంటే పువ్వు చుట్టూ ఉండే టేకుకు, వాడే పొర కింద. రెండూ ఒకే మందం ఉండాలి. కింది పొర అడుగున మైదా జిగురుతో వార్తాపత్రిక కాగితం అంటిస్తే అంచులు పెట్లవు. బొమ్మ గీతకు దూరంగా నాలుగు మూలలా జిగురు చుక్కలు పెట్టి రెండింటినీ కలపండి. బ్లేడు దూర్చడానికి 11వ నంబరు కుట్టుమెషీను సూదిని చేతి బరమాలో బిగించి, రేకు మొదట్లోనో ఈనె గీత మీదో రంధ్రం పెట్టండి. అక్కడైతే తర్వాత కంటపడదు.

ఇక చాలామంది పప్పులో కాలేసేది తిప్పుడు దగ్గర. పొరను మొదటి నుంచి చివరి దాకా ఒకే దిక్కుగా తిప్పుతూ కోయాలి. మధ్యలో దిక్కు మారితే ఆ భాగంలో వాలు తలకిందులై సందు రెట్టింపవుతుంది. ఏ దిక్కో ముందు చిత్తు ముక్క మీద తేల్చుకోండి. రూపాయి బిళ్ళంత వృత్తం కోసి చూడండి. పై ముక్క రంధ్రంలోంచి జారి కింద పడితే దిక్కు మార్చాలి. సగంలో ఇరుక్కుని పైకి నిలబడితే వాలు ఎక్కువైంది. బొటనవేలితో నొక్కితే సమంగా కూర్చుని, దీపానికి ఎదురు పట్టినప్పుడు వెలుగు కారకపోతే అదే సరైన కొలత.

బజారులో దొరికే 0.5 మి.మీ. పలుచటి చెక్క పొరకు, అంటే వెనీరుకు, ఈ పద్ధతి పనికిరాదు. 30 డిగ్రీల వాలు కావాలి, అంచు పొడిపొడి అవుతుంది. దానికి కత్తి పద్ధతే మేలు. నేల పొరలో ముందు రేకు ఆకారంలో కిటికీ కోసి, కింద పనస పొర అతికించి, కిటికీ అంచు వెంబడే కత్తి మొనతో గీత పెట్టి, విడదీసి ఆ గీత మీద కోయండి.

ఇప్పటికే మిగిలిన సందులకు ఫెవికాల్ వద్దు. ఎండిన ఫెవికాల్ పాలిష్‌ను పీల్చదు, అందుకే మురికిలా తేలింది. రెండు చెక్కల్లో ముదురు రంగుదాని సన్నటి పొట్టును చిక్కటి లక్క పాలిష్‌లో కలిపి నింపండి. పక్కన నీడ పడినట్టు కలిసిపోతుంది.

ప్రశ్న (శ్రీకాళహస్తి): పక్షి కంటికీ, అంచు గీతలకీ నల్ల చెక్క కావాలి. తుమికి చేవ వెడల్పుగా దొరకడం లేదు. నల్ల రంగు పూస్తే గీకినప్పుడు తెల్లగా బయటపడుతోంది.

జవాబు: దీనికి మందు మీ ఊరి కలంకారీలోనే ఉంది. బట్టను కరక్కాయలో తడిపి, బెల్లం నీళ్ళలో ఊరిన ఇనుప రసంతో గీస్తే నల్లగీత పడుతుంది కదా, చెక్కలోనూ జరిగేది అదే. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి నారలోపలే నలుపుగా మారతాయి. పైన పూసిన రంగులా ఇది లేచిపోదు.

లీటరు నీళ్ళకు 100 గ్రాముల బెల్లం, పిడికెడు తుప్పు పట్టిన మేకులు మట్టికుండలో వేసి, మూతికి గుడ్డ కట్టి రెండు మూడు వారాలు ఊరనివ్వండి. గట్టి మూత బిగించకండి, పులిసేటప్పుడు గాలి పుడుతుంది. రసాన్ని గుడ్డలో వడగట్టండి. వేరే గిన్నెలో లీటరు నీటికి 50 గ్రాముల కరక్కాయ పొడి వేసి అరగంట సన్నమంట మీద కాచి వడకట్టండి. గిన్నె ఇనుపది కాకూడదు. అంకుడు లాంటి తెల్లటి, సన్న నార చెక్క పొరలను ఆ కషాయంలో ఒక రాత్రి నానబెట్టి, నీడలో ఆరబెట్టి, తర్వాత ఇనుప రసంలో ముంచండి. మొదట బూడిద రంగు వస్తుంది, గాలి తగిలే కొద్దీ నల్లబడుతుంది. చాలకపోతే రెండూ మళ్ళీ ఒకసారి. నల్లతుమ్మ చేవలో వగరు సహజంగానే ఎక్కువ, దానికి కషాయం లేకుండానే రంగు పడుతుంది.

చివర్లో మంచినీళ్ళలో కడిగి, రెండు పలకల మధ్య బరువు పెట్టి ఆరబెట్టండి. ఊరికే ఎండలో వేస్తే అప్పడంలా చుట్టుకుంటుంది. వాడే ముందు ఒక ముక్క విరిచి చూడండి. నడిమి ఇంకా తెల్లగా ఉంటే రంగు లోపలికి దిగలేదన్నమాట, ఇంకో రాత్రి నానాలి. ఒక మి.మీ. కంటే మందం పొరకు ఇది కష్టమే. నల్ల ముక్కలను కొంచెం పలుచగా చేసుకుని, అడుగున కాగితం ఎత్తు పెట్టడం నయం. ఇది తప్ప మిగతా పనిలో ఆ రసం పాత్రను, గుడ్డను దగ్గరికి రానివ్వకండి.

ప్రశ్న (పుత్తూరు): జిగురు పెట్టి ఇనుప క్లాంపులతో బిగించిన చోట మర్నాటికి నీలం నలుపు మచ్చలు పడ్డాయి. గీకినా పోలేదు.

జవాబు: పై ఉత్తరంలో కావాలని చేసిందే మీకు అక్కరలేని చోట జరిగింది. జిగురు తడి, చెక్క వగరు, క్లాంపు ఇనుము మూడూ కలిశాయి. ఇకపై క్లాంపుకూ చెక్కకూ మధ్య ప్లాస్టిక్ కాగితం, దాని మీద చిన్న చెక్క ముక్క పెట్టండి. పడిన మచ్చకు లీటరు నీటిలో 50 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కరిగించి బ్రష్‌తో మచ్చ మీదే పూయండి. పది నిమిషాల్లో పాలిపోతుంది. తర్వాత రెండుసార్లు నీళ్ళతో తుడవండి. అది విషం. చేతి తొడుగులు వేసుకోండి, ఎండిన పొడి ముక్కులోకి పోకుండా చూసుకోండి. పొదిగిన నల్ల ముక్కలకు తగిలితే వాటి నలుపునూ తీసేస్తుంది.

ప్రశ్న (చంద్రగిరి): మా చేనులో గాలికి విరిగిన ఎర్రచందనం కొమ్మ ఉంది. ఎర్ర రేకులకు వాడుకోవచ్చా?

జవాబు: అటవీ శాఖ అనుమతి లేకుండా ముట్టుకోకండి. సొంత పట్టా భూమిలోని చెట్టు కొట్టాలన్నా, కలప కదిలించాలన్నా అనుమతి, రవాణా పర్మిట్ ఉండాలి. తూర్పు కనుమల దక్షిణ కొసన తప్ప సహజంగా ఎక్కడా పెరగని చెట్టు ఇది. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందపు రెండో అనుబంధంలోనూ ఉంది. కొమ్మ పడిందని ముందు రేంజి ఆఫీసులో రాతపూర్వకంగా తెలపండి.

ఎరుపుకు వేప చేవ, మహాగని ఉన్నాయి. ఇంకా ఎర్రన కావాలంటే తెల్ల పొరను పటిక నీళ్ళలో రాత్రంతా నానబెట్టి మంజిష్ఠ రసంలో ముంచండి. రసాన్ని మరిగించకండి, వేడి ఎక్కువైతే గోధుమ రంగులోకి తిరుగుతుంది. పైగా ఎర్రచందనం వెలుగుకు ముదురుతూ నలుపుకు దగ్గరవుతుంది, పదేళ్ళకు మీ రేకు ఎర్రగా మిగలదు.

ప్రశ్న (పలమనేరు): 400 మి.మీ. వెడల్పు టేకు పలక మీద పొదిగిన బొమ్మను ఏప్రిల్‌లో అంటించాను. అక్టోబరు వానలకు నడుమ ఉబ్బింది, పలక గిన్నెలా వంగింది. జిగురు తక్కువైందా?

జవాబు: జిగురు బాగానే పట్టినట్టుంది, పట్టింది కాబట్టే పలక వంగింది. చెక్క పొడవులో దాదాపు కదలదు, అడ్డంలో కదులుతుంది. ఏప్రిల్ ఎండకూ అక్టోబరు తేమకూ మధ్య చెక్కలో తడి మూడు శాతం మారినా, అంత వెడల్పు టేకు రెండు మి.మీ. పైనే పెరుగుతుంది. టేకు తక్కువ కదిలే కలప, మామిడైతే ఇంకా ఎక్కువ. పైన అంటించిన బొమ్మలో నార నాలుగు దిక్కులకూ ఉంటుంది, అది పలకతో పాటు సాగదు. ఒకచోట ఉబ్బుతుంది, ఇంకోచోట చీలుతుంది.

బొమ్మకు అడుగు ప్లైవుడ్ ఉండాలి, 12 లేదా 18 మి.మీ. పై పొర అంటించిన రోజే కింది వైపు కూడా అంతే మందం మామూలు పొర అంటించాలి. ఇది మానేసేవారే ఎక్కువ. జిగురు తడికి పొర ఉబ్బి, ఆరేటప్పుడు లాగుతుంది. రెండు వైపులా లాగితేనే పలక తిన్నగా నిలుస్తుంది. ప్లైవుడ్ పై నారకు అడ్డంగా పొర నార ఉండేలా చూడండి. 400 × 400 పలకకు ఒక్కో వైపుకు 25 నుంచి 30 గ్రాముల జిగురు చాలు. ప్లైవుడ్‌కే పూయండి, పొరకు పూస్తే చుట్టుకుపోతుంది. పైన వార్తాపత్రిక, ప్లాస్టిక్, ఆపైన 18 మి.మీ. పలకలు, వాటి మీద అడ్డపట్టీలు. పట్టీ అడుగును మధ్యలో ఒకటి రెండు మి.మీ. బొద్దుగా చిత్రిక పడితే, కొసల్లో క్లాంపు బిగించినప్పుడు నడుమ కూడా నొక్కుకుంటుంది. 24 గంటలు అలాగే ఉంచి, విప్పాక వారం రోజులు గోడకు నిలబెట్టండి, రెండు వైపులా గాలి తగలాలి.

ప్రస్తుతానికి ఉబ్బిన చోట కాగితం పరిచి, ఓ మాదిరి వేడి ఇస్త్రీపెట్టె పదిహేను సెకన్లు ఆనించి, చల్లారేదాకా బరువు పెట్టండి. తెల్ల జిగురు వేడికి మెత్తబడి మళ్ళీ పట్టుకుంటుంది. పట్టకపోతే నార వెంబడి బ్లేడుతో చిన్న చీలిక పెట్టి, సిరంజితో జిగురు ఎక్కించి బిగించండి. వంగిన పలకను మాత్రం తిరిగి తిన్నగా చేయలేరు.

ప్రశ్న (చిత్తూరు): తోటలో పాత తోతాపురి చెట్టు కొట్టించాం. ఆ కలపతో, పై పలక మీద బొమ్మ పొదిగిన చిన్న టీపాయ్ చేయొచ్చా? ఏ పనిముట్లు కొనాలి?

జవాబు: కాళ్ళకు, చట్రానికి మామిడి పనికొస్తుంది. కానీ పచ్చిగా వదిలేస్తే నీలం మచ్చ, పుచ్చు రెండూ పడతాయి. రెండు వారాల్లోపు కోయించండి. కోసిన వెంటనే లీటరు నీటికి 20 గ్రాముల బోరిక్ ఆమ్లం, 30 గ్రాముల బోరాక్స్ కలిపిన ద్రావణం అన్ని వైపులా దట్టంగా పూయండి. ఇది నీళ్ళకు కడుక్కుపోతుంది గనుక ఇంట్లో వాడే సామానుకే. కొసలకు పెయింటు వేసి, 20 మి.మీ. బద్దలు మధ్యలో పెట్టి నీడలో దొంతి పేర్చండి. 25 మి.మీ. పలకకు ఏడాది పడుతుందనుకోండి. ఒక ముక్కను వంటింటి తూకంలో వారం వారం తూచండి, మూడు వారాలు బరువు మారకపోతే ఆరినట్టు.

కొలతలు: ఎత్తు 450 మి.మీ., కాళ్ళు 40 × 40, చట్రం బద్దలు 60 × 20. బద్ద కొసన 7 మి.మీ. మందం, 25 మి.మీ. పొడవు నాలుక చెక్కి, కాలులో అంతే బెజ్జం తవ్వాలి. మూల దగ్గర రెండు నాలుకలు ఢీకొంటాయి కాబట్టి కొసలు 45 డిగ్రీలకు కోయండి. బెజ్జాలు తవ్వేటప్పుడు కాలు పై కొసను 20 మి.మీ. అదనంగా ఉంచుకుని, అంటించాక కోసెయ్యండి. లేదంటే ఉలి దెబ్బకు పైన చీలుతుంది. నాలుక చేత్తో నొక్కితే దిగాలి. సుత్తి అవసరమైతే బిగువెక్కువ, దానంతట అది జారితే వదులు. ప్లైవుడ్ పై పలక కదలదు కాబట్టి చట్రంలోంచి నేరుగా స్క్రూలు బిగించొచ్చు.

పనిముట్లకు వస్తే సన్న పళ్ళ రంపం, ఫ్రెట్ సా, 6, 12, 25 మి.మీ. ఉలులు, చిత్రిక, మూలమట్టం, చేతి బరమా, నాలుగు క్లాంపులు, సానరాయి. 7 మి.మీ. ఉలి దొరకదు, 6తో తవ్వి పక్కలు సవరించండి. వీటిలో డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ సానరాయి దగ్గర వద్దు. మొద్దు ఉలి చెక్కను నలిపేస్తుంది, నలిగిన అంచు ఎన్నటికీ కలవదు.

ప్రశ్న (నగరి): రేకుల్లో నీడ కోసం కొవ్వొత్తి మంటకు చూపిస్తే మసి పడుతోంది. పాలిష్ వేశాక వేపచెక్క ఎరుపు పక్కనున్న తెల్లచెక్కలోకి పాకింది కూడా. కార్తీక మాసంలో వేసిన పాలిష్ అయితే తెల్లగా పాలిపోయింది.

జవాబు: నీడకు ఇసుక వాడండి. స్వర్ణముఖి ఇసుకను కడిగి ఎండబెట్టి, టీ వడపోతలో జల్లించి, పాత పెనంలో రెండు మూడు సెం.మీ. లోతు పోసి వేడి చేయండి. రేకు అంచును పట్టుకారుతో నిలువుగా గుచ్చి ఐదు నుంచి పది సెకన్లు ఉంచితే లోతుకొద్దీ రంగు ముదురుతుంది. ముతక ఇసుకైతే చుక్కలు పడతాయి. కాలిన అంచు తడి పోయి కాస్త ముడుచుకుంటుంది, వెంటనే తడి వేలితో రాసి, బరువు కింద పెట్టి, చల్లారాకే కూర్చండి.

రంగు పాకకుండా ఉండాలంటే ఉప్పుకాగితం పట్టకముందే లీటరు స్పిరిట్‌లో 100 గ్రాముల లక్క కరిగించి ఒక పూత వేయాలి. అప్పుడు ఎర్ర పొట్టు తెల్లచెక్క రంధ్రాల్లోకి దిగదు. 150, 220, 320 నంబర్ల కాగితం వరసగా, నార వెంబడే. అవిసె నూనె ముందు పూయకండి, రంగును మోసుకెళ్ళేది అదే. పాలిపోవడానికి కారణం గాలిలో తేమ. స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి తడిని పట్టుకుంటుంది. పొడి గాలి ఉన్న రోజు చూసి, స్పిరిట్‌లో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఒక్కసారి తేలిగ్గా లాగండి. తెల్లదనం పోతుంది. గుడ్డ ఒకే చోట ఆగకూడదు, ఆగితే పూత లేచి వస్తుంది.