బండి సందేహాలు: ఆగితే హీటు, కదిలితే మామూలు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది మిర్యాలగూడ. నాది పది టైర్ల లారీ, 2018 మోడల్. మిల్లుల నుంచి హైదరాబాద్‌కు బియ్యం వేస్తుంట. నల్గొండ, నార్కట్‌పల్లి మీదుగా చౌటుప్పల్ దాకా ఫుల్ లోడుతో పోయినా టెంపరేచర్ ముల్లు సగం దాటదు. అబ్దుల్లాపూర్‌మెట్, హయత్‌నగర్ కాడ ట్రాఫిక్‌ల ఇరుక్కుంటే మాత్రం ఎర్రగీత దాకా పోతది. బండి కదిలితే మళ్ళా దిగుతది. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి ఇదే గోస. వాటర్ పంపు మార్పించిన. ఒక షెడ్డుల థర్మోస్టాట్ వాల్వు తీసేసిండ్రు. ఏం తేడా లేదు. ఇప్పుడు హెడ్ దించి గ్యాస్కెట్ మార్చాలంటున్నరు. మార్పించమంటారా?
- ఒక లారీ యజమాని, మిర్యాలగూడ

జవాబు: వద్దు తమ్ముడూ. హెడ్ మీద, అంటే ఇంజన్ పై మూత మీద, ఇప్పుడే పానా పెట్టనియ్యకు. నీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. ఫుల్ లోడుతో హైవే మీద పోయేటప్పుడు ఇంజన్ పుట్టించే వేడి, ట్రాఫిక్‌లో స్లోలో ఉన్నప్పటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ వేడినంతా ఇంజన్ నీళ్ళను చల్లార్చే నీ రేడియేటర్ దించేస్తోంది. అంటే నీళ్ళు తిరుగుతున్నాయి, పంపు తోస్తోంది. హెడ్ కింద ప్రెషర్, నీళ్ళు లీకవకుండా ఆపే గ్యాస్కెట్ పోయిన బండైతే లోడు మీద చడావు ఎక్కేటప్పుడే ముందు బయటపడుతుంది. నీది బండి ఆగినప్పుడే వేడెక్కుతోంది. బండి ఉరుకుతున్నప్పుడు గాలి దానంతట అదే రేడియేటర్‌లో దూరుతుంది. ఆగితే ఆ గాలిని లాగే పని ఫ్యాన్ ఒక్కదానిదే. కాబట్టి వెతకాల్సింది గాలి దారిలో.

ముందు ఫ్యాన్ సంగతి. నీ బండికి విస్కస్ ఫ్యాన్ ఉండి ఉంటుంది. దాని నడుమ డబ్బాలో సిలికాన్ ఆయిల్ ఉంటుంది. ముందువైపు చిన్న లోహపు చుట్ట గానీ పట్టీ గానీ ఉంటుంది. రేడియేటర్‌లోంచి వచ్చే గాలి వేడెక్కితే అది మెలి తిరిగి లోపలి వాల్వు తెరుస్తుంది. ఆయిల్ గాడుల్లోకి పోయి ఫ్యాన్‌ను పట్టుకుంటుంది, అప్పుడు ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది. ఆయిల్ కారిపోయినా, ఆ చుట్ట మట్టితో బిగుసుకున్నా ఫ్యాన్ తిరుగుతున్నట్టే కనిపిస్తుంది కానీ గాలి లాగదు. చూసినవాళ్ళు ‘ఫ్యాన్ బాగానే ఉంది’ అనేస్తారు. ఈ ఒక్క మాట నమ్మి ఎన్ని ఇంజన్లు ఊరికే విప్పారో! తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

దీనికి స్కానర్ అక్కర్లేదు, చెవి చాలు. రాత్రంతా ఆగిన బండిని పొద్దున స్టార్ట్ చేస్తే ఫ్యాన్ కాసేపు హోరుమని, ఆ తర్వాత సద్దుమణగాలి. ట్రాఫిక్‌లో ముల్లు పైకి పోయేటప్పుడు ఆ హోరు మళ్ళీ రావాలి. ఈసారి హయత్‌నగర్‌లో అద్దం దించి విను. ముల్లు ఎర్రగీతను తాకుతున్నా హోరు లేదంటే దొంగ దొరికినట్టే. ఇంటికొచ్చాక ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి, తాళంచెవి జేబులో వేసుకుని, ఫ్యాన్‌ను చేత్తో తిప్పు. కాస్త బరువుగా కదిలి ఆగాలి. గిర్రున నాలుగు చుట్లు తిరిగిందా, పోయింది. నడుమ జిడ్డు చారలు ఉన్నా, రెక్క పట్టి ముందుకూ వెనక్కూ ఊపితే లూజుగా ఆడినా అంతే. కొన్ని విస్కస్ ఫ్యాన్లకు అత్యవసరానికి బిగించే లాక్ బోల్టు ఉంటుంది. నీ దానికి ఉంటే బిగించి ఒక ట్రిప్పు వెళ్ళు. హీటు రాకపోతే ఇక అనుమానమే లేదు. కానీ అలాగే నెలల తరబడి తిప్పకు, డీజిల్ తాగుతుంది. బెల్టు జారుతోందేమో కూడా ఒక చూపు చూడు.

ఇప్పుడు అసలు నాకు ఎక్కువ అనుమానం ఉన్న చోటు. నువ్వు తిరిగేది రైసు మిల్లుల్లో. లోడు ఎక్కేటప్పుడు ఇంజన్ ఆన్‌లో పెట్టి కూర్చుంటే ఫ్యాన్ మిల్లు ఆవరణలోని ఊక, తవుడు దుమ్ము అంతా లోపలికి లాగుతుంది. జాలీ ముందు నిలబడి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, ఎందుకంటే నీకు కనిపించేది ఇంటర్‌కూలర్, అంటే టర్బో నుంచి ఇంజన్‌లోకి పోయే గాలిని చల్లార్చేది. రేడియేటర్ దాని వెనక ఉంది. ఆ రెండింటి నడుమ సందులో దుమ్ము పేరుకుంటుంది. ఎక్కడో కొంచెం ఆయిల్ లీకు ఉంటే దానితో కలిసి ముద్ద కడుతుంది. మిర్యాలగూడ, సూర్యాపేట వైపు మిల్లు బండ్లలో ఆ సందులోంచి ఊక మందపాటి చెక్కల్లాగా ఊడిరావడం మాకు మామూలే. హైవే గాలి జోరు మీద ఎలాగో దూరిపోతుంది, ఫ్యాన్ గాలికి ఆ బలం ఉండదు. చలికాలంలో నెట్టుకొచ్చిన బండి, మే నెలలో 45 డిగ్రీల ఎండకు, తారు రోడ్డు సెగకు చేతులెత్తేస్తుంది.

ఇంటర్‌కూలర్ బోల్టులు తీయించి ముందుకు జరిపించు. ముందు పొడిగా గాలి కొట్టించాలి, తడిపితే తవుడు పిండిలా అతుక్కుంటుంది. తర్వాత సబ్బునీళ్ళతో జిడ్డు నానబెట్టి, ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్ళు పట్టాలి. సర్వీసింగ్ సెంటర్‌లో కుర్రాళ్ళు ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడతారు, దగ్గరుండి ఆపు. ఫిన్స్, అంటే రేడియేటర్ పలచటి రేకులు, మడతపడితే ఉన్న దారీ మూసుకుంటుంది. పనిలో పనిగా ఫ్యాన్ చుట్టూ ఉండే కవరు పగిలిందేమో, పక్కన రబ్బరు పట్టీలు ఊడాయేమో చూడు. అక్కడ సందుంటే ఫ్యాన్ బయటి చల్లగాలికి బదులు ఇంజన్ వేడిగాలినే తిప్పితిప్పి లాగుతుంది. చాలామంది ఆ కవరు పగిలితే తీసి పారేస్తారు. దయచేసి అలా చేయకు.

థర్మోస్టాట్ తిరిగి పెట్టించు, ఇది ఖచ్చితం. మన దగ్గర హీటు అనగానే దాన్ని పీకెయ్యడం అలవాటైపోయింది. చాలా ఇంజన్లలో అది 80 డిగ్రీల పైచిలుకులో రేడియేటర్‌కు నీళ్ళ దారి తెరుస్తూనే పక్కన బైపాస్ దారిని మూస్తుంది. అది లేకపోతే కొంత నీరు రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోనే చుట్టు తిరుగుతుంది. హైవే మీదేమో ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కక డీజిల్ ఖర్చు, అరుగుదల పెరుగుతాయి. రేడియేటర్ క్యాప్ కూడా మార్చు, పెద్ద ఖర్చేం కాదు. నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయి కదా, ఒక బార్ ప్రెషర్ పట్టి ఉంచితే 120 దాకా మరగవు. క్యాప్ ఆ ప్రెషర్ పట్టకపోతే ట్రాఫిక్‌లో పొంగేది ఖాయం.

గ్యాస్కెట్ భయం పోవాలంటే ఒక పరీక్ష: చల్లటి ఇంజన్ మీద క్యాప్ తీసి స్టార్ట్ చేయించు. మొదట్లో వచ్చే గాలి పోయాక కూడా బుడగలు ఆగకుండా వస్తుంటే, లేదా క్యాప్ పెట్టి స్టార్ట్ చేసిన కాసేపటికే, ఇంజన్ ఇంకా చల్లగా ఉండగానే, పై హోస్ పైపు రాయిలా గట్టిపడితే అప్పుడు హెడ్ గురించి మాట్లాడదాం.

అందాకా ట్రాఫిక్‌లో ముల్లు పైకి పోతే న్యూట్రల్ చేసి, కొంచెం రేస్ పట్టి ఉంచు. పంపూ ఫ్యానూ జోరు అందుకుంటాయి. క్యాబిన్ హీటర్ ఉంటే ఫుల్‌గా పెట్టు. చెమటలు పడతాయి కానీ కొంత వేడి అటు పోతుంది. ఆవిరి వస్తుంటే, నీళ్ళు కారిపోతుంటే మాత్రం వెంటనే పక్కకు తీసి ఆపెయ్. వేడి మీద క్యాప్ ముట్టుకోవద్దని క్లీనర్ పిల్లాడికి గట్టిగా చెప్పు. గుడ్డ వేసి తిప్పినా ముఖం కాలుతుంది, అలా కాలినవాళ్ళను చూశాను.

ప్రశ్న: నా డీసీఎం సిటీల ఎంత ట్రాఫిక్ ఉన్నా మంచిగనే ఉంటది. లోడుతో హైవే మీద స్పీడు పెంచితే హీటెక్కుతది. ఎందుకు?
- ఒక డ్రైవర్, జడ్చర్ల

జవాబు: పై తమ్ముడి బండికి నీది సరిగ్గా తిరగేసిన కేసు. నీకు గాలి చాలుతోంది, నీళ్ళ పారకం చాలడం లేదు. బోరు నీళ్ళు పోస్తున్నావా? మన పాలమూరు, నల్గొండ బోరు నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. రేడియేటర్‌ను చంపేది మాత్రం అందులోని సున్నం. తెల్లటి పొర కట్టి గొట్టాలు పూడుస్తుంది. బండి బాగా వేడెక్కాక ఇంజన్ ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రేడియేటర్ ముఖమంతా చూపించు. నడుమ నడుమ చల్లటి మచ్చలుంటే అక్కడ పూడింది. కడిగించి, కంపెనీ చెప్పిన కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయించు. ఇంకొకటి: ఇంజన్ వేడి మీద ఎవరినైనా రేస్ ఇమ్మని, నువ్వు బెల్టుకూ ఫ్యాన్‌కూ దూరంగా నిలబడి కింది హోస్ పైపును గమనించు. పంపు లాగుడుకు అది లోపలికి నొక్కుకుపోతుంటే పైపు మెత్తబడిందన్నా, రేడియేటర్ పూడిందన్నా గుర్తే. రేడియేటర్ కడిగించినప్పుడే ఆ పైపు కూడా మార్చేసెయ్.