పురుగు పట్టని చెట్లు కూడా కొట్టేయాలా?

'పురుగును ఆపాలని ఆరోగ్యంగా ఉన్న చెట్లు కూడా ప్రభుత్వం నరికించడం న్యాయమేనా?' అని అడిగారు. న్యాయమే. మేముండేది మసాచుసెట్స్‌లో, వుస్టర్ పక్కనున్న ష్రూస్‌బరీలో. చెట్లని లోపల్నుంచి తొలిచేసే ఏషియన్ లాంగ్‌హార్న్ బీటిల్ అనే పురుగు ఏం చేస్తుందో కళ్లారా చూశాను కాబట్టి గట్టిగానే చెబుతున్నా.

2008లో వుస్టర్‌లో ఒకావిడ తన పెరట్లో ఈ పురుగుల్ని చూసి అధికారులకు చెప్పారు. నిగనిగలాడే నల్లటి ఒళ్లు, దానిమీద తెల్లటి మచ్చలు, ఒంటికన్నా పొడుగు మీసాలు. అప్పటికే అవి ఏళ్ల తరబడి ఇక్కడ కాపురం చేస్తున్నాయి. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల 30,000కు పైగా చెట్లు కొట్టేశారు.

మా వెనకింటి పెద్దాయన పెరట్లో రెండు మేపుల్ చెట్లు ఉండేవి. ఒకదానికి పురుగు పట్టింది. రెండోదానికి ఒక్క కన్నం కూడా లేదు, అయినా తీసేయాలన్నారు. ఆయన ససేమిరా అన్నారు. తనిఖీకి వచ్చిన అమ్మాయి వాదన పెట్టుకోలేదు. మొదటి చెట్టు దుంగ ఒకటి దొర్లించి, బెరడు మీదున్న గుండ్రటి కన్నంలో పెన్సిల్ పెట్టింది. సగం దాకా దిగిపోయింది. అడ్డకోతలో చేవ దాకా సొరంగాలు, వాటి నిండా పొట్టు, చిటికెనవేలంత తెల్లటి పురుగు ఇంకా మెదులుతూనే ఉంది. "రెండోదాని బెరడు కింద గుడ్లుంటే పైకి ఏమీ కనిపించదు" అందా అమ్మాయి. పెద్దాయన సంతకం పెట్టేశారు.

మా కోనసీమలో కొబ్బరి మొవ్వులో కొమ్ము పురుగు దూరితే ఇనప కొక్కెంతో లాగి పారేస్తాం. ఇది అలా చేతికి చిక్కేది కాదు. ఇమిడాక్లోప్రిడ్ మందు ఎక్కిస్తారు గానీ, చేవలోకి దిగిపోయిన పురుగుకి అది అందదు. షికాగోలో ఇదే పురుగు 1998లో బయటపడితే చెట్లు కొట్టేశారు, 2008కల్లా పూర్తిగా పోయిందని ప్రకటించారు. అదే మిషిగన్‌లో 2002లో దొరికిన ఎమరాల్డ్ యాష్ బోరర్, అంటే యాష్ చెట్లని తొలిచే ఇంకో పురుగు, చెయ్యిదాటిపోయింది. కోట్ల యాష్ చెట్లు ఎండిపోయాక, ఇక ఆపలేమని 2021లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఆ పురుగు మీదున్న క్వారంటైనే ఎత్తేసింది.

ఒక్క తప్పు మాత్రం పాతది. 1953 టోర్నడోకి చెట్లు కూలిపోతే, వుస్టర్ వీధుల్లో మళ్లీ ఎక్కువగా మేపుల్సే నాటారు. మేపుల్ అంటే పడిచచ్చే ఈ పురుగుకి విస్తరి వేసి పెట్టినట్టయింది.

ఇక మనవాళ్లతో నాకో పేచీ ఉంది. లాంగ్ వీకెండ్ వస్తే చాలు, పెరట్లో పడున్న కట్టెలు వ్యాన్‌లో వేసుకుని న్యూ హాంప్‌షైర్ క్యాంపింగ్‌కి బయల్దేరతారు. కట్టెల్లో దాక్కుని పురుగూ వెళ్తుంది, అందుకే వుస్టర్ చుట్టుపక్కలున్న ఈ క్వారంటైన్ ప్రాంతం నుంచి కట్టెలు బయటికి తీసుకెళ్లడం చట్టవిరుద్ధం. క్యాంప్‌గ్రౌండ్ దగ్గరే కట్టలు కట్టి అమ్ముతారు, అక్కడే కొనుక్కోండి.