నాన్న వస్తారని ఆడిషన్ ఇవ్వకు

ఈసారి ఉత్తరం వచ్చింది న్యూజెర్సీ నుంచి. రాసిన అమ్మాయికి 28 ఏళ్ళు. న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వేలో ఒక మ్యూజికల్‌లో, అంటే పాటల నాటకంలో, మూడేళ్ళుగా బృందంలో పాడుతూ ఆడుతూ, హీరోయిన్ రాలేని రోజున ఆ వేషం వేసే అండర్‌స్టడీగా కూడా ఉంది. ఇప్పుడు ఆ హీరోయిన్ కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోతోంది. కొత్త మనిషి కోసం ఆడిషన్లు పెట్టి ఈ అమ్మాయినీ పిలిచారు. "ఆవిడ నాకు అక్కలాంటిది, ఇంకా డ్రెస్సింగ్ రూమ్ కూడా ఖాళీ చేయలేదు, ఇప్పుడే ఆ పాత్రకి ఆడిషన్ ఇస్తే తప్పవుతుందా? ముందు ఆవిడ్ని అడగాలా? నటీనటుల్ని ఎంచే కాస్టింగ్ డైరెక్టర్‌కి ఓ మెయిల్ పెట్టొచ్చా?" అని అడిగింది. చివర్లో, సంతకానికి ముందు ఒక్క వాక్యం: "మెయిన్ రోల్ వచ్చేదాకా నా షోకి రానన్నారు నాన్న, ఈ మూడేళ్ళలో ఒక్కసారీ రాలేదు."

అమ్మా, నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను. తప్పు కాదు. అడగక్కర్లేదు. మెయిల్ పెట్టకు. ఆవిడ కాంట్రాక్టు ముగిసింది, ఆ చోటు ఎవరో ఒకరితో నింపాల్సిందే, వాళ్ళే నిన్ను పిలిచారు. ఆవిడ దగ్గరకెళ్ళి అనుమతి అడిగితే పాపం ఆవిడ ఇబ్బంది పడుతుంది, "వెళ్ళు" అనక ఏమంటుంది? ఆడిషన్ ఇస్తున్నానని నువ్వే ఒక మాట ముందుగా చెప్పు, ఇతరుల నోట విననివ్వకు. ఆ మర్యాద చాలు.

ఇక ఆడిషన్ గదిలోకి వెళ్ళాక తీరు నీకు తెలిసే ఉంటుంది కానీ, అదే షోలో పనిచేసే లోపలి మనిషికి పొరపాట్లు ఎక్కువ జరుగుతాయి కాబట్టి చెబుతున్నాను. రోజూ కనిపించేవాళ్ళే కదా అని కబుర్లకు దిగకు. పియానో వాయించే ఆయనకు ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపాలో గుర్తులు పెట్టిన కాగితాలివ్వు, వేగం తెలియాలంటే మెల్లగా కూనిరాగం తీసి వినిపించు, ఆయన ముందు చిటికెలు వేయకు. గొంతు బాలేదని ముందే సంజాయిషీ వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, వెళ్ళిపోతున్నావిడలా చేయకు. ఇన్నాళ్ళూ అండర్‌స్టడీగా ఆవిడ అడుగుల్లో అడుగు వేయడం నీ పని, ఈ గదిలో మాత్రం వాళ్ళు నిన్ను చూడాలి. తర్వాత కారిడార్‌లో స్టేజ్ మేనేజర్‌ని ఆపి "ఇంకెవరిని చూశారు" అని అడగొద్దు.

నన్ను నిలదీసింది ఆ చివరి వాక్యం. నీ ఉత్తరంలో హీరోయిన్ గురించి రెండు పేజీలు, నాన్న గురించి కొన్ని లైన్లు. కానీ ఆ కొన్ని లైన్ల కోసమే మిగతాదంతా రాశావనిపించింది. హీరోయిన్ బదులు నువ్వు లీడ్‌గా స్టేజీ ఎక్కిన రోజున, ఆ పూట ఆ వేషం నీదని ప్రోగ్రామ్ పుస్తకంలో నీ పేరుతో పెట్టిన చిన్న కాగితాన్ని అమ్మ ఇంటికి తెచ్చి చూపిస్తే, "ఎవరికో జ్వరమొస్తే మనకి వేషమా" అన్నారట నాన్న. ఆ మాట నువ్వు మర్చిపోలేదు, మర్చిపోలేవు కూడా. ఇప్పుడు నీకు ఆ పాత్ర మీద కోరిక ఎంతుందో, నాన్నని ప్రేక్షకుల సీట్లో కూర్చోబెట్టాలన్న కోరిక ఎంతుందో నువ్వే విడదీసుకోలేకపోతున్నావు. ఆడిషన్‌కి ఇంత టెన్షన్ అందుకే.

ఈ ఉద్యోగం ప్రతిభ ఒక్కదాన్ని చూసి ఇవ్వరమ్మా. బ్రాడ్‌వేలో 'హలో, డాలీ!' అనే మ్యూజికల్ 1964లో మొదలై దాదాపు ఏడేళ్ళు ఆడింది. మొదటి హీరోయిన్ కారల్ చానింగ్ వెళ్ళాక జింజర్ రోజర్స్, తర్వాత పెర్ల్ బెయిలీ, చివరికి ఎథెల్ మెర్మన్, ఇలా జనానికి తెలిసిన పేర్లనే తెచ్చారు, టికెట్లు తెగాలి కదా. 2022లో 'ఫన్నీ గర్ల్' మ్యూజికల్‌లో హీరోయిన్ బీనీ ఫెల్డ్‌స్టీన్ తప్పుకున్నాక అండర్‌స్టడీ జూలీ బెంకో ఆగస్టు నెలంతా ఆ షోని మోసింది, మంచి పేరూ తెచ్చుకుంది. అయినా సెప్టెంబర్‌లో పాత్ర టీవీ తార లియా మిషెల్‌కి వెళ్ళింది, బెంకోకి గురువారం షోలు మిగిలాయి. బెంకో తక్కువదా? కాదు. నీకూ ఇలాగే జరగొచ్చు. జరిగితే నువ్వు దాన్ని నిర్మాతల లెక్కగా తీసుకోవు, నాన్న తీర్పుగా తీసుకుంటావు. నా భయం అది.

నాన్నగారు తెనాలిలో చదువుకునే రోజుల్లో పద్యనాటకాలు వేసేవారని రాశావు. అయితే ఆయనకి తెలియని విషయమా ఇది! సురభి నాటక కుటుంబాల్లో ఇంటిల్లిపాదికీ నాటకాలన్నీ నోటికొచ్చేవి, ఒకరు మంచాన పడితే ఇంకొకరు రంగు పూసుకుని నిలబడేవారు. దాన్ని ఎవరూ చిన్నతనం అనుకోలేదు. 2021 డిసెంబర్‌లో బ్రాడ్‌వేలో 'ద మ్యూజిక్ మ్యాన్' హీరోయిన్ సటన్ ఫాస్టర్ రాలేకపోతే, పాత్రలెన్నో నేర్చుకుని సిద్ధంగా ఉండే క్యాతీ వోయిట్కో మధ్యాహ్నం ఒక్క రిహార్సల్ చేసి రాత్రికి హీరోయిన్‌గా నిలబడింది. షో అయ్యాక ఆ నాటకం హీరో, సినిమా నటుడు హ్యూ జాక్‌మన్ అంతటివాడు ఆవిడ్ని ముందుకు పిలిచి, ఇలాంటివాళ్ళ వల్లే బ్రాడ్‌వే నడుస్తోందని ప్రేక్షకులకు చెప్పాడు. నీ పనీ అదే. వారానికి ఎనిమిది షోలు, నీ భాగం ఒకటి, ఆవిడ భాగం ఇంకొకటి, రెండూ తలలో పెట్టుకుని మూడేళ్ళు నడిపావు.

నేను పెద్దల పట్ల వినయం ఉండాలనే మనిషిని. నాన్న మాట కొట్టెయ్యమని ఏ ఆడపిల్లకీ చెప్పను. కానీ కన్నవాళ్ళు బిడ్డ పని చూడటానికి షరతు పెట్టకూడదు. ఆయన స్టేజీ వదిలి ఉద్యోగంలో చేరినప్పుడు మనసులో ఏం మిగిలిందో నాకు తెలియదు, దానికి బాకీ తీర్చాల్సింది నువ్వు మాత్రం కాదు. అమ్మ దొంగచాటుగా స్నేహితురాలితో వచ్చి చూసి వెళ్ళడం కూడా ఇక ఆపండి. తల్లీకూతుళ్ళిద్దరూ తప్పు చేస్తున్నట్టు ఎందుకు దాక్కోవడం?

ఇంటికి వెళ్ళు, ఫోన్ కాదు. ఎదురుగా కూర్చుని, "నాన్నా, నేను బృందంలో ఉన్నాను, నా పని నాకు ఇష్టం, మీరు చూస్తే సంతోషిస్తాను, లీడ్ వచ్చినా రాకపోయినా ఈ నెలలో మీకూ అమ్మకూ రెండు టికెట్లు తీస్తున్నాను" అని చెప్పు. వాదన పెట్టుకోకు, ఏడవకు. రానంటే అమ్మ ఒక్కతే రావాలి, ఆయనకు చెప్పే రావాలి. పాత్ర వేరేవాళ్ళకి వెళితే, కొత్తమ్మాయికి అడుగులు చూపించే పని కొంత నీ మీదా పడుతుంది, అప్పుడు మొహం మాడ్చుకోకు.

ఆడిషన్ సంగతి మాత్రం ఫలితం తేలేదాకా ఇంట్లో ఎత్తకు. అమ్మకు కూడా వద్దు, అమ్మకు చెబితే నాన్నకు చెప్పినట్టే.